దుప్పికి నేర్పిన భయం

దుప్పి మళ్ళీ ఆగిపోయింది.

వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్న నూకరత్నం కత్తిపీట మీంచి లేచి కిటికీ దగ్గరకు వచ్చింది. ఎదురుగా పరీక్షల మైదానం, దాని మధ్యలో నడుమెత్తు మట్టిగుట్ట, గుట్ట ముందు ఆకుపచ్చ పికప్ బండి. ముందు చక్రాలు గుట్టకు ఆనించి, ఇక ఒక్క అంగుళం కదలనంటోంది. లోపల ఆమె కూతురు వినీల రెండు చేతులతోనూ స్టీరింగును బాదుతోంది.

నూకరత్నానికి జాలేసింది. ఆ జాలి వెనకే, ఎవరికీ కనపడకుండా, ప్రాణం కుదుటపడింది.

ఆమె ఏడో తరగతితో చదువు ఆపేసింది కానీ భయపడడం మాత్రం ఏనాడూ ఆపలేదు. గ్యాసు కట్టేశాక మూడుసార్లు చూస్తుంది, నాలుగోసారి వంగి వాసన పీలుస్తుంది. కూతురు ఫోను రెండు రింగులకు ఎత్తకపోతే ఆసుపత్రి, మూడు రింగులకు ఎత్తకపోతే పోలీసులు కళ్ళ ముందు కనపడతారు. నిజానికి ఆమె జీవితంలో పెద్ద ప్రమాదమంటూ ఏదీ జరగలేదు. జరగలేదు కాబట్టే, జరగాల్సిందంతా ఇంకా ముందుందని ఆమె నమ్మకం. అలాంటి మనిషికి కొండలెక్కే బండ్లను పరీక్షించే పిల్ల పుట్టింది. కూతురి వెనకే మన్యానికి వచ్చి, ఈ పరీక్షా కేంద్రం క్యాంటీన్‌లో వంటకు కుదిరింది.

దుప్పి రోడ్డు అక్కర్లేని బండి. మధ్యరకం పికప్. ముందు ఐదుగురు కూర్చోవచ్చు, వెనక తొట్టి టన్ను బరువు మోస్తుంది. నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు. ఒకటి బురదలో ఊరికే తిరుగుతుంటే మిగతా మూడూ దాన్ని లాక్కుపోతాయి. టైర్లలో గాలిని బురదకు తనే తగ్గించుకుంటుంది, రాళ్ళకు పెంచుకుంటుంది. కావాలంటే జానెడు పైకి లేస్తుంది, మొలలోతు నీళ్ళలో నడుస్తుంది. ఎంత ఏటవాలులోనైనా వెనక తొట్టి సమంగా నిలబడుతుంది. వినీల అందులో చెంబెడు నీళ్ళు పెట్టి కొండ దిగేది, చుక్క తొణికేది కాదు.

ఇన్ని చేతనైన బండికి ఒకటి చేతకాలేదు. ఎక్కడ భయపడాలో దానికి తెలియదు. మొదటి దుప్పి, డ్రైవరు లేకుండా వదిలితే, నిండు ధైర్యంతో లోయలోకి నడిచి వెళ్ళిపోయింది. లెక్క ప్రకారం నేల గట్టిగానే ఉంది. గడ్డి కింద లెక్కకు అందని బీట ఒకటుంది.

"కళ్ళిచ్చినాం, కాళ్ళిచ్చినాం. గుండె ఇయ్యలేదు," అంది ఫర్జానా మేడం. కర్నూలు నుంచి వచ్చిన ఇంజినీరు ఆమె, ఈ కేంద్రానికి పెద్ద. మనిషి మెదడు కంటే ముందు మనిషి ఒళ్ళు ప్రమాదాన్ని పసిగడుతుందని ఆమె సిద్ధాంతం. అందుకే గుండెనూ ఊపిరినీ చదివే బెల్టులు సీట్లకు పెట్టింది, తలుపు పక్కన పట్టుకునే పిడికి కూడా తీగలు చుట్టింది. బండి వాటిని వింటూ నేలను తొక్కుతుంది, ఏ నేలకు ఒళ్ళు ఎలా బిగుసుకుంటుందో నేర్చుకుంటుంది. కానీ వినీల గుండె లోయ అంచున కూడా టిఫిను తింటున్నట్టే కొట్టుకునేది. రెండో డ్రైవరు జోగారావుది మరీ ఘోరం, అతను నిద్రపోతున్నాడేమోనని ఒకసారి వెళ్ళి చూసి వచ్చారు.

ఒకరోజు నూకరత్నం క్యారేజీ పట్టుకుని కొండ వాలు దాకా నడిచి వెళ్ళింది. తిండి మానేసి తిరుగుతున్న కూతురిని తిట్టడానికి బండెక్కి కూర్చుంది. ఎక్కితే బెల్టు పెట్టుకోకుండా ఉండే మనిషి కాదు. బండి పదడుగులు కదిలిందో లేదో ల్యాబులో తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది. రెండు క్షణాల తర్వాత వెనక టైరు జారింది. ఇంకో పదడుగులకు మళ్ళీ గీత లేచింది, మళ్ళీ రెండు క్షణాలకు రాయి దొర్లింది.

సాయంత్రం ఫర్జానా వంటగదిలోకి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, రేపట్నుంచి వంట సగమే చెయ్యి. మిగతా సగం పూట నువ్వు భయపడాల."

"అదేం పనమ్మా? అది నాను ఊరికినే సేత్తున్నాను కదా."

"ఇప్పుడు జీతానికి చెయ్యి."

నూకరత్నం ఆలోచించి ఒక షరతు పెట్టింది. "మా పాప తోల్తేనే ఎక్కుతాను. ఆ జోగారావు తోల్తే ఎక్కను. ఆడు మలుపులో పాటలు మారుస్తాడు."

ఫర్జానా నవ్వి సరేనంది. అక్కడే తప్పు జరిగిందని తర్వాత తెలిసింది.

పది వారాలు తల్లీకూతుళ్ళు కొండలన్నీ తిరిగారు. బయలుదేరే ముందు నూకరత్నం నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టేది.

"కొత్త బండికి ఒక్కసారి తొక్కిత్తే చాలే అమా," అనేది వినీల.

"రోజుకో కొత్త గొయ్యి సూపిత్తన్నావు కదే. రోజూ తొక్కించాల్సిందే."

చక్రం కింద కాయ పట్‌మని చితికినప్పుడు నూకరత్నం గుండె నుంచి ఒక బరువు దిగేది. ఊపిరి పొడుగయ్యేది. తర్వాత కొండ మొదలయ్యేది, పిడి మీద ఆమె వేళ్ళు తెల్లబడేవి. బండి అన్నీ వింటూనే ఉంది.

పాఠం పూర్తయిందని ఆమె బెల్టు తీసేశాకే తంటా మొదలైంది. జోగారావు తోలితే దుప్పి కొండలు దూకేది. వినీల కూర్చుంటే పిల్లకాలువ దగ్గర కూడా ఆగిపోయేది. వారం రోజులు తెరల ముందు కూర్చుని ఫర్జానా సంగతి పట్టుకుంది. భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పింది.

"అది నేలను చూసి భయపడడం లేదమ్మా, వినీలను చూసి భయపడుతోంది. నువ్వు దారికి భయపడినావు అనుకున్నాం. నువ్వు బిడ్డకు భయపడినావు. సీట్లో ఎవరున్నారో బరువును బట్టి, గుండెను బట్టి దానికి తెలుస్తుంది. జోగారావు ఉంటే దానికి పట్టింపు లేదు, ఏమైనా పరవాలేదు."

జోగారావు నోటి దగ్గరి ముద్ద ఆగింది. "ఏం పిన్నీ? పాటలు మార్సినందుకు ఇంత పగా?"

అందరూ నవ్వారు, వినీల తప్ప. శనివారం కంపెనీ పెద్దలు చూడడానికి వస్తారు. ఆ తర్వాత పాఠమంతా తుడిచి, వేరే మనుషులతో మొదలుపెట్టాలి. వినీలను బండి దించి ఆఫీసు పనికి వేస్తారు.

"నాలుగేళ్ళు మట్టి తిని నేర్సుకున్నానే," అంది వినీల ఆ సాయంత్రం. "ఇప్పుడు కాయితాలు రాసుకోమంటన్నారు. నీ భయం ఇన్నాళ్ళూ నన్నే తినీది. ఇప్పుడు నా పని కూడా తినేసింది."

నూకరత్నం కంచంలో అన్నం వడ్డించింది. ఆమె నోట్లో ఒక మాట ఉంది, అది బయటికి రాలేదు.

ఇంజినీర్లకు తెలియనిది ఒకటి ఆమెకు తెలుసు. ఒక పొద్దున్న కూరగాయల బుట్ట షెడ్డు మీదుగా తెస్తుంటే, గుమ్మం ముందున్న కాలువ దాటనని దుప్పి మొండికేసింది. లోపల వినీల విసుక్కుంటోంది. బుట్టలోంచి నిమ్మకాయ ఒకటి జారి, దొర్లి, చక్రం ముందు ఆగింది. ఒక క్షణం తర్వాత ఆ చక్రం దానంతట అది ముందుకు జరిగి కాయను తొక్కింది. బండి మెత్తగా కాలువ దాటి వెళ్ళిపోయింది. వినీల తన డ్రైవింగే అనుకుంది. నూకరత్నం అనుకోలేదు. మర్నాడు ఎవరూ చూడకుండా ఒకటి పెట్టి చూసింది, కదిలింది. ఆ మర్నాడు పెట్టలేదు, కదలలేదు. తన ఒంట్లోంచి నేర్చుకున్న బండికి తనలాగే నిమ్మకాయ చితికితేనే ధైర్యం.

మేడంకు చెప్పాలనుకుంది. సాంబారు దించాక చెబుదామనుకుంది. వడ్డించాక చెబుదామనుకుంది. చేతులు తుడుచుకుంటూ కిటికీలోంచి చూస్తే, గుట్ట ముందు ఆగిన బండిలో కూతురు కాళ్ళూ చేతులూ సలక్షణంగా కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి, తను పక్కన లేకపోయినా పిల్లను కాపలా కాసేది ఒకటుంది. ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో నిమ్మకాయ పులిహోర మానేసి చింతపండు పులిహోర మొదలుపెట్టింది.

గురువారం మధ్యాహ్నం. మూడు రోజులుగా వాన పట్టింది. వాచ్‌మన్ కొర్రా సోమన్న ఫోను చెవికి నొక్కుకుని గేటు దగ్గర్నుంచి తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"మేడంగారూ, మా పిల్ల సినబుల్లికి పొద్దున్నించి నొప్పులంట. కడుపులో బిడ్డకి కాళ్ళు ముందుకొచ్చేసాయని నర్సమ్మ సెప్తంది. డోలీ కట్టి గెడ్డ కాడికి తెచ్చారు. గెడ్డలో మనిసి నిలబళ్ళేడు."

సోమన్నది బూరుగుమెట్ట. కేంద్రానికి ఆరు కిలోమీటర్లు, మధ్యలో కొండవాగు, ఆ గెడ్డ మీద వంతెన లేదు. అంబులెన్సు తారు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. మొలలోతు నీళ్ళు దాటగలిగే బండి ఒక్కటే ఉంది. వినీల కాక దాన్ని తోలడం వచ్చింది జోగారావు ఒక్కడికే, అతను బామ్మర్ది పెళ్ళికి అనకాపల్లిలో ఉన్నాడు.

"నేను తోల్తాను," అంది వినీల.

"నిన్ను పెట్టుకుని అది గడప దాటదు," అంది ఫర్జానా.

"ఆ భయం ఊడదీసెయ్యండి."

"చక్రాల నడకలోనే కలిసిపోయింది. తీస్తే నడక కూడా పోతుంది. మళ్ళీ నేర్పాలంటే వారాలు పడుతుంది." ఫర్జానా ఆగింది. "ఒకటి చేయొచ్చు. అమ్మ పక్కన బెల్టు పెట్టుకుని కూర్చుంటే బండి పాత పాఠం కంటే ఇప్పటి ఒంటినే ఎక్కువ వింటుంది. అమ్మ నిమ్మళంగా ఉంటే..."

అందరూ నూకరత్నం వైపు చూశారు. టీ కాచేటప్పుడు కూడా నిమ్మళంగా ఉండని మనిషి.

"ఉండండి, తువ్వాలు తెచ్చుకుంటాను," అని ఏదో అనేసి ఆమె లోపలికి వెళ్ళింది. గ్యాసు కట్టేసింది. ఒకసారే చూసింది. డబ్బా అడుగున వాడిపోయిన నిమ్మకాయలు రెండున్నాయి. కొండ దారిలో కడుపులో తిప్పితే వాసన చూడడానికని తనకు తనే చెప్పుకుని కొంగున ముడేసుకుంది.

దుప్పి ఎడ్లబండిలా నడిచింది. వినీల ఎంత తొక్కినా అంతే. వెనక సీట్లో ఫర్జానా ఒళ్ళో పలక లాంటి తెర, పక్కన సోమన్న. నూకరత్నం పిడి పట్టుకుని కూర్చుంది. ప్రతి మలుపులో ఆమెకు ముందు లోయ కనపడుతోంది, తర్వాత దారి.

గెడ్డ ఎర్రగా పొంగుతోంది. నలభై అడుగుల వెడల్పు. అవతలి గట్టున నలుగురు మగవాళ్ళు, కర్రకు కట్టిన దుప్పటి డోలీ, దాని మీద ప్లాస్టిక్ పట్టా. సోమన్న పెళ్ళాం ఉన్న ఒక్క గొడుగునూ డోలీ మీద పట్టి, తను వానలో నిలబడి ఉంది. బండిని చూసి ఆమె చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించలేదు.

దుప్పి నీళ్ళ అంచున ఆగిపోయింది.

"లోతు మొలకు జానెడు తక్కువే," అంది ఫర్జానా తెర చూస్తూ. "అడుగంతా రాయి. దాటగలదు. దాటనంటోంది, అంతే. అమ్మా, కాస్త ఊపిరి మెల్లగా..."

నూకరత్నం ఊపిరి మెల్లగా పీల్చబోయింది. అది ఎక్కిళ్ళలా వచ్చింది. వినీల పెదవి కొరుక్కుంటూ మళ్ళీ తొక్కింది. చక్రాలు గట్టును పట్టుకుని కూర్చున్నాయి.

కొంగులో ముడి ఆమె పొత్తికడుపుకు ఒత్తుకుంటోంది. ఊరుకుంటే చాలు. ఏమీ చెయ్యనక్కర్లేదు. బండి కదలలేదని అందరూ చూస్తున్నారు, ఆమెను ఎవరూ ఒక్క మాట అనరు. కూతురు ఈ గట్టునే ఉంటుంది, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటుంది. అవతల దుప్పటి కదిలింది. లోపల్నుంచి కేక వచ్చే ఉంటుంది, నీళ్ళ హోరులో వినపడలేదు. ఈ కేక తనకు వినపడకపోవడం మంచిదైందని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు ఒళ్ళు జలదరించింది.

వెనక నుంచి సోమన్న మెల్లగా అన్నాడు. "పోనీలే అక్కా. మీ పాపా పాపే కదా."

నూకరత్నం తలుపు తోసుకుని దిగింది.

"అమా! ఎక్కడికే?"

ఆమె వానలో మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పింది. ఎడమ చక్రం కింద ఒకటి, కుడి చక్రం కింద ఒకటి తోసింది. లేచి వచ్చి, కూతురి ముఖం చూడకుండా కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"ఇప్పుడు తోలు. పోద్ది."

"నీకెలా..."

"పది రోజుల్నుంచి తెలుసు. తోలవే."

వినీల తల్లి వైపు చూసిన చూపు నూకరత్నం చెంప మీద తగిలింది. అంతలో చక్రాల కింద పట్‌మని ఒకటి, పట్‌మని ఇంకొకటి. దుప్పి జానెడు లేచి నీళ్ళలో దిగింది.

"రెండేనా తెచ్చినావు?" అంది వెనక నుంచి ఫర్జానా. ఆమెకు అప్పుడే అర్థమైంది, అర్థమైనంతలోనే గొంతు మారింది. "అమ్మా, ఏ చక్రానికి ఆ చక్రమే నేర్చుకునింది!"

నడి గెడ్డలో ముందు చక్రాలు లాగుతున్నాయి. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. వాటి కింద ఏదీ చితకలేదు. గుమ్మం కాలువకు ఒక్క చక్రం ధైర్యం చాలింది, ఈ వరదకు చాలలేదు. నీళ్ళు తలుపు సగానికి వచ్చాయి. బండి వెనక భాగం మెల్లగా, ఎవరో చేత్తో తోస్తున్నట్టు, పల్లం వైపు తిరగడం మొదలుపెట్టింది.

"నూట అరవై రెండు," అంది ఫర్జానా. అది నూకరత్నం గుండె లెక్క. "అమ్మా, నీ ఒళ్ళు ఆపమంటోంది. అది వింటోంది."

గుండెను ఆపడం ఎలా? ఆమెకు చేతకాదు, పుట్టాక ఏనాడూ చేతకాలేదు. కూతురి చేతులు చూసింది. స్టీరింగు మీద అవి వణకడం లేదు. ఆ చేతులు తనవి కావు, ఆ ధైర్యం తనది కాదు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తన చెయ్యి చూసుకుంది. పిడి మీద ఐదు వేళ్ళూ తెల్లగా, ఎముకల్లా ఉన్నాయి. పది వారాలు ఈ చెయ్యి వదిలింది లేదు. ఇరవై నాలుగేళ్ళు వదిలింది లేదు.

చిటికెన వేలు తీసింది. తర్వాత ఉంగరం వేలు. మూడో వేలు రానంటే ఎడమ చేత్తో లాగింది. ఖాళీ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. గుండె మాత్రం చెవుల్లో దండోరా వేస్తూనే ఉంది.

"పోనీ," అంది. కూతురితో అందో బండితో అందో ఆమెకే తెలియదు. "పోనీవే."

బండి ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. గుండె అంత గట్టిగా వద్దంటుంటే చెయ్యి తెరుచుకుని ఉంది. ఒక క్షణం ఆగింది, రెండు క్షణాలు ఆగింది. తర్వాత వెనక చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి రాయిని పట్టాయి.

తిరుగుదారిలో నిమ్మకాయలు లేవు. సినబుల్లి వెనక తొట్టిలో తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. పైన టార్పాలిను, కింద పరుపు. దుప్పి గెడ్డ అంచున రెండు క్షణాలు ఆగి, దానంతట అదే దిగింది. కొండ దిగేటప్పుడు తొట్టి చెంబులో నీళ్ళు నిలిచినంత సమంగా నిలిచింది. పాడేరు ఆసుపత్రి చేరాక గంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లికి పరవాలేదని చెప్పేదాకా నూకరత్నం నిలబడే ఉంది. చెప్పాక కూడా నమ్మలేదు, నర్సును మళ్ళీ పంపి అడిగించింది.

ఇంటికొచ్చాక వినీల అన్నం తనే పెట్టుకు తిని, గోడవైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం పొద్దున్నే ఫర్జానా వంటగదిలోకి వచ్చి పీట మీద కూర్చుంది. రాత్రంతా తెర ముందు ఉన్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ దానికి రెండే తెలుసమ్మా. భయముంటే ఆగేది, లేకుంటే పోయేది. భయంతోనే పోవడం నిన్న నేర్చుకునింది. ఇంక తుడిచేది లేదు. రేపు పెద్దల ముందు వినీలే తోలుతుంది. తయారయ్యే ప్రతి దుప్పిలోనూ ఇదే పెడతాం."

"అయితే ఇంక ఆగదా?"

"ఎందుకాగుతుంది?" అని ఫర్జానా సంతోషంగా టీ తాగి వెళ్ళిపోయింది.

నూకరత్నం పొయ్యి ముందు నిలబడిపోయింది. లోకం మొత్తంలో తన పిల్లను పోనివ్వకుండా పట్టుకున్నది ఒకటే ఉంది. దానికి పోవడం నేర్పింది తనే.

వెనక అడుగుల చప్పుడు. వినీల వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"పది రోజులా?" అంది.

"పదకొండు," అంది నూకరత్నం తలెత్తకుండా. "పది అని అబద్ధమాడాను."

వినీల నవ్వుతుందో ఏడుస్తుందో తెలియని మొహం పెట్టింది. పొద్దున్న వచ్చిన కూరగాయల సంచిలో చెయ్యి పెట్టి వెతికి, నాలుగు నిమ్మకాయలు తీసుకుంది.

"దానికింక అక్కర్లేదంటనే," అంది తల్లి.

"దానికి కాదులే," అని వినీల వెళ్ళిపోయింది.

కిటికీలోంచి చూస్తే, కూతురు వంగి నాలుగు చక్రాల కింద నాలుగు కాయలూ పెట్టి బండెక్కింది. అవి చితికిన చప్పుడు ఇక్కడికి వినపడలేదు కానీ నూకరత్నం ఊపిరి దానంతట అది పొడుగైంది. దుప్పి మైదానం దాటి గుట్ట దగ్గరికి వచ్చింది. ముందు చక్రాలు మట్టికి ఆనగానే ఆగింది.

ఒక క్షణం. రెండు క్షణాలు.

ఆ రెండు క్షణాలూ తనవని నూకరత్నానికి తెలుసు. కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి చూసుకుంది. వేలు వెంబడి వేలు తీసింది. దుప్పి గుట్ట ఎక్కి, అవతలికి దిగి, కనపడకుండా పోయింది. ఆమె వెనక్కి తిరిగి వంగి, గ్యాసు దగ్గర వాసన పీల్చింది.